ఆకాశమంత మేడ – ఆరని చెమట

చాంద్రాయణగుట్ట, బార్కస్ ప్రాంతాలకు గల్ఫ్ దేశాలతో ఉన్న బంధం ఈనాటిది కాదు. హద్రమౌత్ నుండి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు బార్కస్‌లో నేటికీ ఉన్నారు. తర్వాతి తరాల వారెందరో ఉపాధి వెతుక్కుంటూ తిరిగి గల్ఫ్ దారి పట్టారు. సెలవుపై ఇంటికొచ్చిన అబ్బాయి ఫోన్‌లో దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా ఫోటో తరచుగా కనిపిస్తుంది. అది చూసి ఇంట్లోని చిన్నపిల్ల "దీన్ని ఎవరు కట్టారు?" అని అడిగితే మనం ఏమని జవాబు చెబుతాం?

పాలకుని పేరు చెప్పవచ్చు, కంపెనీ పేరు చెప్పవచ్చు. అంకెలు కూడా చెప్పవచ్చు. 2004లో పని మొదలై, 2010 జనవరి 4న ప్రారంభమైన ఈ భవనం ఎత్తు 828 మీటర్లు. మన చార్మినార్ లాంటివి పద్నాలుగు ఒకదానిపై ఒకటి నిలబెట్టినా దాని కొసను అందుకోలేవు. దాదాపు 3,30,000 ఘనపు మీటర్ల కాంక్రీటు వాడారు. 600 మీటర్లకు పైగా ఎత్తుకు కాంక్రీటును పంపులతో ఎక్కించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఎడారి వేడికి కాంక్రీటు త్వరగా బిగుసుకొని పగుళ్ళిస్తుందని, వేసవిలో మంచు కలిపి, రాత్రివేళల్లో పోశారు.

ఇదంతా దైవం మానవునికి ప్రసాదించిన తెలివితేటల ఫలితమే. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం)కు గొప్ప నిర్మాణాలు చేసేవారిని అల్లాహ్ వశపరచాడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. కనుక ఎత్తుగా కట్టడమే పాపమని మనం అనలేము. అయితే ఎత్తయిన ప్రతి చోటా ఆడంబరపు కట్టడాలు లేపిన ఆద్ జాతి గతి ఏమైందో కూడా ఖుర్ఆనే చెబుతోంది. మూసా (అలైహిస్సలాం) ప్రభువును తొంగిచూస్తానంటూ ఎత్తయిన మేడ కట్టమని హామాన్‌ను ఆజ్ఞాపించిన ఫిరౌన్ గాథనూ వినిపిస్తోంది. ఒకనాడు కాళ్ళకు చెప్పులు కూడా లేని గొర్రెల కాపరులు భవనాల ఎత్తులో పోటీపడటాన్ని దైవప్రవక్త (స) ప్రళయ సూచనల్లో ఒకటిగా పేర్కొన్నారు. గమనించండి! ఈ మాటల్లో హెచ్చరిక రాళ్ళ గురించి కాదు, వాటిని పేర్చే మనసు గురించి. ఆ భవనం దేనికోసం? ఎవరి హక్కు మీద నిలిచింది? విశ్వాసి అడగవలసిన ప్రశ్నలివే.

బుర్జ్ ఖలీఫాను కట్టినవారిలో అత్యధికులు దక్షిణాసియా కార్మికులు. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో రోజుకు సుమారు 12,000 మంది అక్కడ పనిచేశారు. 2006 మార్చిలో అక్కడి కార్మికులు వేతనాల కోసం, మెరుగైన పరిస్థితుల కోసం నిరసనకు దిగారు. కార్లు, ఆఫీసు సామాన్లు ధ్వంసమయ్యాయి. విధ్వంసాన్ని మనం సమర్థించము. కానీ వారి వేదనను పట్టించుకోకుండా విధ్వంసాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. కాంక్రీటు పగలకూడదని అన్ని జాగ్రత్తలు తీసుకున్న మానవుడు, తోటి మనిషి గుండె పగలకూడదని అంత జాగ్రత్త పడ్డాడా?

"వారు ఇష్టపడే వెళ్ళారు కదా, ఇక్కడికంటే ఎక్కువే సంపాదించారు కదా" అని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ సంపాదనతో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది, ఆడపిల్లల నికాహ్‌లు జరిగాయి, పిల్లల చదువులు సాగాయి. కానీ ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టినవాడు, ఇష్టమున్నా లేకపోయినా తలూపక తప్పదు. అవసరంలో ఉన్నవాని అంగీకారం అతని హక్కును రద్దు చేయదు. చెమట ఆరకముందే కూలివానికి కూలి ఇచ్చేయమని మహాప్రవక్త (స) ఆదేశించారు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన స్వయంగా తానే ప్రత్యర్థిగా నిలబడతానని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ న్యాయస్థానంలో ఏ వకీలు మనల్ని కాపాడగలడు?

ఇంతవరకు దుబాయ్ మాట చెప్పుకున్నాం. ఇక మన వీధికి వద్దాం. గల్ఫ్ డబ్బుతో మన దగ్గర కూడా మేడలు లేస్తున్నాయి. పక్కింటివారు రెండంతస్తులు వేస్తే మనం మూడు వేయాలనే పంతం. మేమూ ఇంటిపై గది వేయించాము. స్లాబ్ పడిన రోజు మిఠాయిలు పంచాము. సెంట్రింగ్ మేస్త్రీకి ఇవ్వవలసిన మిగతా డబ్బు మాత్రం "జుమా తర్వాత రా", "పండుగ తర్వాత చూద్దాం" అంటూ రెండు నెలలు తిప్పాము. ఒకరోజు అతను ఏమీ అడగకుండా గుమ్మం దగ్గర నిలబడి ఆ గది వైపు చూశాడు. ఆ చూపుకు మా తల వాలిపోయింది. ఆ రోజే లెక్క తీర్చి క్షమాపణ అడిగాము. 828 మీటర్ల మేడకైనా, పది అడుగుల గదికైనా అల్లాహ్ దగ్గర త్రాసు ఒక్కటే.

2011 రమజాన్‌లో దుబాయ్ ధార్మిక పండితులు ఒక ఫత్వా ఇచ్చారు. బుర్జ్ ఖలీఫాలో 80వ అంతస్తు దాటినవారు ఇఫ్తార్‌కు రెండు నిమిషాలు, 150 దాటినవారు మూడు నిమిషాలు అదనంగా వేచి ఉండాలి. అంత ఎత్తులో సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు మరి. ఎత్తు పెరిగినకొద్దీ సౌకర్యమే కాదు, బాధ్యత కూడా పెరుగుతుందని ఇందులో మనకొక గుణపాఠం ఉంది.

కనుక చిన్నపిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇలా చెబుదాం: "అమ్మా! దీన్ని నీ తండ్రిలాంటి, మామయ్యలాంటి వేలాదిమంది కట్టారు. వారి పేర్లు మనకు తెలియవు, అల్లాహ్‌కు తెలుసు." ఆ తర్వాత మన ఇంటి గోడలు లేపిన కూలీలకు మనం బాకీ ఉన్నామేమో ఈ రాత్రే లెక్క చూసుకుందాం. హక్కుదారుల హక్కును సకాలంలో చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.