నిజాయితీగానే ప్రేమించాడుగా!

ఇలైన్ మే తీసిన ‘ది హార్ట్‌బ్రేక్ కిడ్’ 1972 నాటి సినిమా. బ్రూస్ జే ఫ్రీడ్‌మన్ కథకి నీల్ సైమన్ స్క్రీన్‌ప్లే రాశాడు. 2007లో బెన్ స్టిల్లర్‌తో దీన్నే మళ్ళీ తీశారు గానీ, నేను మాట్లాడేది పాతదాని గురించే. రొమాంటిక్ కామెడీ అన్న పేరుతో ఇంత చేదు సినిమా ఇంకోటి నేను చూళ్ళేదు. ముగింపుతో సహా కథంతా చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

న్యూయార్క్‌లో స్పోర్ట్స్ సామాన్లు అమ్మే లెనీకి (చార్ల్స్ గ్రోడిన్) లైలాతో పెళ్ళవుతుంది. హనీమూన్‌కి కారులో మయామీ బీచ్ బయల్దేరతారు. దారిలోనే అతనికి మొహం మొత్తడం మొదలౌతుంది. ఆ అమ్మాయి గట్టిగా పాటలు పాడుతుంది, మూతికి పూసుకుంటూ ఎగ్ శాండ్‌విచ్ తింటుంది, ఇంకో యాభై ఏళ్ళు మనం కలిసే ఉంటాం అని పదే పదే గుర్తుచేస్తుంది. తీరా అక్కడికెళ్ళాక ఎండకి ఒళ్ళంతా కాలి గదిలో పడుంటుంది. ఈలోగా బీచ్‌లో లెనీకి కెల్లీ (సిబిల్ షెపర్డ్) కనిపిస్తుంది. అంతే, వారం తిరక్కుండానే పెళ్ళాం దగ్గర విడాకుల మాటెత్తుతాడు.

మనోడు కెల్లీ కోసం మంచు కురిసే మినెసోటా దాకా వెళ్తాడు. వెళ్ళిపొమ్మని వాళ్ళ నాన్న 25,000 డాలర్లు ఇవ్వబోతే వద్దంటాడు. చివరికి ఆ పిల్లనే చేసుకుంటాడు.

ఇవన్నీ మన హీరోలు చేసే పనులే కదా? ఊరు దాటి వెళ్ళడం, పిల్ల తండ్రిని ఎదిరించడం, డబ్బు కాదనడం. ‘ఆర్య’ (2004)లో ఇంకొకరితో ఉన్న అమ్మాయి వెనక పట్టు వదలకుండా తిరిగినవాణ్ణి మనం నెత్తిన పెట్టుకున్నాం. ఎందుకంటే వాడి ప్రేమ నిజమైనది. ఆ లెక్కన లెనీకీ నూటికి నూరు వెయ్యాలి. అతను లైలాతో అబద్ధాలు చాలానే ఆడతాడు గానీ, కెల్లీ కావాలన్న విషయంలో మాత్రం ఎక్కడా నటించడు. అయినా వాడు హీరో అనిపించడు. ఎందుకని?

ఒక భావం ఎంత గాఢంగా ఉంది అన్నది, ఆ భావం కలిగినవాడి గురించి చెప్తుంది. అది ఎవరి మీద కలిగిందో వాళ్ళ గురించి ఏమీ చెప్పదు. కెల్లీ గురించి లెనీకి తెలిసింది ఆవగింజంత. కనపడ్డ ప్రతి అమ్మాయి వెంటా పడేవాడు ఒక్క అమ్మాయి కోసం పిచ్చివాడైతే, వాడు మారాడని సంబరపడతాం. నిజానికి వాడు అప్పుడూ ఇప్పుడూ ప్రేమిస్తున్నది తన కోరికనే.

అయితే ఇష్టం లేని పెళ్ళిలో యాభై ఏళ్ళు పడుండాలా అని మీరడగొచ్చు. అక్కర్లేదు. వదిలెయ్యడమే లైలాకి కూడా మేలేమో. తప్పు వదిలెయ్యడంలో లేదు, వదిలేసిన తీరులో ఉంది. రెస్టారెంట్ సీన్ చూడండి. విడాకుల మాట చెప్పే ముందు లైలాకి పెకాన్ పై తినిపించాలనుకుంటాడు. అది అయిపోయిందంటే సర్వర్ మీద విరుచుకుపడతాడు. తర్వాత అసలు సంగతి ఏదో శుభవార్తలా చెప్తాడు. ఆమె ఒప్పుకోవాలి, పైగా తనని మంచివాడనుకోవాలి. తన భావాలంత నిజమైనవి ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషికీ ఉంటాయన్న ఊహే అతనికి రాదు.

అక్కడ మనకీ ఒక దెబ్బ తగుల్తుంది. అప్పటిదాకా లైలాని లెనీ కళ్ళతోనే చూసి నవ్వాం. ఆ మూతిని, ఆ పాటల్ని, ఆ కాలిన ఒంటిని చూసి. ఆమె ఏడుస్తుంటే ఆ నవ్వులన్నీ గుర్తొస్తాయి. లైలాగా వేసిన జీనీ బెర్లిన్ ఇలైన్ మే సొంత కూతురు. ఈ పాత్రకి ఆమె పేరు ఆస్కార్ నామినేషన్ల దాకా వెళ్ళింది. కన్నకూతుర్ని చూపించి మనల్ని నవ్వించి, ఆ తర్వాత ఆ నవ్వుకి లెక్క చెప్పమంటుంది ఆ తల్లి.

మా ఆఫీసుల్లో కొత్త ప్రాజెక్ట్ అంటే అందరూ చెయ్యెత్తుతారు. రెండేళ్ళ క్రితం రాసిన కోడ్ చూసుకోవాలంటే ఒక్కరూ దొరకరు. పని మీద ఇష్టం ఎవరికుందో తెలిసేది ఆ రెండోచోటే. ప్రేమలోనూ అంతేనని నాకనిపిస్తుంది. కొత్త పోయాక మిగిలిన మనిషిని చూడగలగడమే దాని పరీక్ష. లెనీ ఆ పరీక్షకి ఎప్పుడూ కూర్చోలేదు.

చివర్లో రెండో పెళ్ళి విందులో లెనీ ఒక సోఫాలో కూర్చుని, ఇద్దరు చిన్నపిల్లలతో ఏదో మాట్లాడుతుంటాడు. వాళ్ళూ లేచిపోతారు. ఒక్కడే కూనిరాగం తీస్తూ మిగుల్తాడు. సినిమా అతన్ని శిక్షించలేదు, అడిగినదంతా ఇచ్చేసింది. ఆ సీన్ చూస్తుంటే నాకు జాలేసింది లెనీ మీద కాదు. రేపో మాపో కెల్లీ కూడా ఏదో తింటూ మూతికి పూసుకుంటుంది.