వైద్యుడు కావాలని వెళ్లినవాడు

మూలవాక్యము: నెహెమ్యా 1:1–4, 2:1–5



నేను టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో, బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టినవాడు వేదాంతం చదివినవాడని మా డ్రిల్లు మాస్టారు చెబితే మేము నమ్మలేదు. అది నిజమే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ గారు పండ్ల బుట్టలు రెండు వేలాడగట్టి ఆ ఆట నేర్పారు. ఈ మారు ఆ ఆట ఆడినవాని సంగతి వ్రాస్తున్నాను. ఆటగాని కథకు వాక్యంతో ఏమి పని అనవద్దు, కొంచెం ఓపిక పట్టండి.

డికెంబే ముటొంబో కాంగో దేశస్థుడు. 1966లో కిన్షాసా పట్టణంలో పుట్టాడు. 1987లో స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. వెళ్లింది డాక్టరు కావాలని. ఏడడుగుల రెండంగుళాల మనిషిని చూసిన కోచ్ ఊరుకుంటాడా? ఆటలోకి లాగాడు. 1991లో డెన్వర్ జట్టులో చేరి, 2009 వరకు జట్లు మారుతూ 18 సీజన్లు ఆడాడు. ఎదుటివాడు బుట్టలో వేయబోయే బంతిని అడ్డుకోవడంలో దిట్ట. అలా అడ్డుకున్నవి 3,289. అడ్డుకుని చూపుడు వేలు ఆడించేవాడు, నా ఇంట్లోకి రానివ్వను అన్నట్టు.

1997లో కిన్షాసాలో ఆయన తల్లికి జబ్బు చేసింది. దేశంలో అంతర్యుద్ధం. వీధుల్లో కర్ఫ్యూ. సమయానికి ఆసుపత్రికి చేర్చలేకపోయారు, ఆమె కన్నుమూసింది. కొడుకు చేతిలో కోట్ల డాలర్లున్నాయి, తల్లికి దారి దొరకలేదు.

ఈ మాట చదివి నేను పుస్తకం మూసేశాను. 1984లో మా అమ్మకు కనిగిరి దగ్గర మా పల్లెలో రాత్రివేళ నొప్పి వచ్చింది. ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పోయింది. చింతామణిలో నాకు టెలిగ్రాం అందింది. మదనపల్లె, కడప మీదుగా బస్సులు మారి నేను చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. ప్రభువు చిత్తం అన్నాను. తిరిగి వచ్చాను. ఆ తరువాత ఆ పల్లెకు నేను చేసింది, నిజం చెప్పాలంటే, ఏమీ లేదు.

నెహెమ్యా షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగి. అన్నవస్త్రాలకు లోటు లేదు. యూదానుండి వచ్చినవారిని ఆయన మొదట అడిగింది సొంత ఊరి సంగతి. మనమూ అడుగుతాం, వానలు పడ్డాయా, ఫలానావాడు బాగున్నాడా అని. విని అయ్యో అంటాం. ఆయన కూర్చుండి ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు, నాలుగు నెలల తరువాత రాజు ఎదుట నోరు తెరిచి నేను పోయి కట్టాలి అన్నాడు. ఆ నాలుగు నెలలూ నాకు ముఖ్యంగా తోస్తాయి. దుఃఖం చల్లారలేదు, పనిగా మారింది.

ముటొంబోకు పదేళ్లు పట్టింది. పనులు నడుమ ఆగాయి కూడా. 2007లో కిన్షాసాలో 300 పడకల ఆసుపత్రి తెరిచారు. దానికి తల్లి పేరు, బియాంబా మేరీ, పెట్టారు. సుమారు 2 కోట్ల 90 లక్షల డాలర్ల ఖర్చులో కోటిన్నర ఆయన సొంత సొమ్ము. తండ్రి శామ్యూలు పేరున 2021లో కాంగోలోనే ఒక పాఠశాల కూడా వెలిసింది. ఉపాధ్యాయుణ్ణి గనుక దీన్ని వదలలేకపోయాను. 2024 సెప్టెంబరు 30న, 58 ఏళ్లకే, మెదడు క్యాన్సరుతో ఆయన చనిపోయాడు. ఆయన చేతికి స్టెతస్కోపు రానేలేదు.

చిక్కబళ్లాపురంలో లండన్ మిషన్ వారు కట్టిన ఆసుపత్రి మీకు తెలుసు. మనలో కొందరి బిడ్డలు అక్కడే పుట్టారు. అది కట్టించినవారికి ఇది సొంత ఊరు కాదు.

ఇక మన సంగతి. ఈ యేటి కోతపండుగ కానుకతో గుడి ముందు ఆర్చి కట్టాలని ఒక సంఘంవారు తీర్మానించారు. మంచిదే, మన పిల్లలు చూసి సంతోషిస్తారు. కమిటీలో నేను లేచి, సగం సొమ్ము మన పల్లెల్లో రాత్రివేళ జబ్బు చేసినవారిని ఆసుపత్రికి చేర్చే ఆటో ఖర్చులకు ఉంచుదామా అని అడిగాను. కొందరు నా ముఖం వైపు చూశారు, కొందరు గోడ గడియారం వైపు. నలభై ఏళ్లు ఏమీ చేయనివాడు ఇప్పుడు అడుగుతున్నాడే అని ఎవరైనా అనుకుంటే, నా దగ్గర జవాబు లేదు. మేస్త్రి ఇచ్చిన అంచనా కాగితం నా బల్ల సొరుగులో ఉన్నది. దానిమీద నేనింకా సంతకం చేయలేదు. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మళ్లీ కూర్చుంటున్నాము. ఊరినుండి వచ్చినవారుంటే వారినీ తీసుకురండి, వారిని అడగవలసినవి ఉన్నాయి.