పరాయి బిడ్డ ముఖం మన చేతిలో అమానతు

ఫోటో ధర్మసమ్మతమా, కాదా అన్న విషయంపై ధర్మవేత్తల మధ్య దాదాపు వందేళ్లుగా చర్చ నడుస్తూనే ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన అల్లామా ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ వంటివారు కెమెరా చేసేది నీడను పట్టి నిలపడమేనని, అది చేత్తో గీసిన బొమ్మ వంటిది కాదని అభిప్రాయపడ్డారు. మన దేశపు ఉలమాలలో అనేకులు దానితో ఏకీభవించలేదు. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు లాంటి తప్పనిసరి అవసరాలకే వారు సడలింపు ఇచ్చారు. ఆ చర్చలోకి ఇప్పుడు దిగబోవడం లేదు. ఎందుకంటే మేము ఎత్తదలచుకున్న ప్రశ్న, ఫోటో ధర్మసమ్మతమేనని నమ్మేవారి ముందు కూడా అంతే గట్టిగా నిలబడుతుంది. దారిలో కనబడిన పరాయి బిడ్డను, మనకు పేరైనా తెలియని బిడ్డను, ఫోనెత్తి ఫోటో తీసుకునే హక్కు మనకెవరిచ్చారు? ఇక ఫోటో అసలే నిషిద్ధమనేవారు ఈ ప్రశ్న తమది కాదనుకోనక్కరలేదు. వారి జేబుల్లోనూ ఫోను ఉంది, వారి గ్రూపుల్లోనూ ఫోటోలు తిరుగుతున్నాయి.

మా ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో ఈ ప్రశ్న పుస్తకాలలోది కాదు. పాపికొండల అందాలు చూడడానికి లాంచీలలో బయలుదేరిన వేలాదిమంది పేరంటాలపల్లి దగ్గర దిగేవారు. అక్కడి కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముకునేవారు. వచ్చినవారు వెదురు పూలకుండీ బేరమాడి కొనేవారు, లేదా కొనకుండానే వెళ్లిపోయేవారు. కాని అక్కడ ఆడుకుంటున్న పిల్లల ఫోటో మాత్రం బేరం లేకుండా, అడగకుండా తీసుకునేవారు. చింతూరు, కూనవరం దారుల్లోని సంతలలోనూ ఇదే తంతు. చింపిరి జుట్టు, చీమిడి ముక్కు, ఒంటిమీద చొక్కా లేని కోయ పిల్లవాడు పట్టణం నుంచి వచ్చినవారికి 'మంచి ఫోటో'. అదే వయసున్న తమ పిల్లవాడిని మాత్రం ముక్కు తుడిచి, తల దువ్వి, కొత్త చొక్కా తొడిగి గాని కెమెరా ముందు నిలబెట్టరు.

ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు 1940ల ప్రారంభంలో ఈ కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, వారి గురించి 1945లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన తీసిన ఫోటోల సంపద ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. నిజాం ప్రభుత్వంలో గిరిజనుల సలహాదారుగా ఆయన చేసిన మేలును ఎవరూ కాదనరు. ఆ ఫోటోలు లేకపోతే ఆనాటి జీవితం మనకు తెలిసేదీ కాదు. అయినా ఒక్క మాట. తన ముఖం సముద్రాలు దాటి పోతుందని, ఎనభై ఏళ్ల తర్వాత కూడా అపరిచితులు దాన్ని చూస్తారని ఆనాటి కొండరెడ్డికి ఊహ కూడా ఉండి ఉండదు. ఆనాడు ఆ అడవికంతటికీ ఒక కెమెరా ఉండేది. ఈనాడు ప్రతి బాటసారి చేతిలో ఒకటుంది. హైమెన్‌డార్ఫ్ వారి మధ్య నెలల తరబడి ఉండి, వారి మాట విన్నాడు. మనం పది నిమిషాలు కూడా ఆగం.

'బజారులో ఉన్నదాన్ని అందరూ చూస్తారు కదా, చూడగా లేని తప్పు ఫోటో తీస్తే వచ్చిందా?' అని కొందరు వాదిస్తారు. ఈ వాదన పైకి బలంగానే కనిపిస్తుంది. కాని చూడడం వేరు, పట్టుకుపోవడం వేరు. దారిలో నడుస్తుంటే కంటపడిన దృశ్యానికి మనం బాధ్యులం కాము. ఆ దృశ్యాన్ని వెంటాడి, దగ్గరకు లాగి, దాచుకుని, పదిమందికి పంచడం మన ఇష్టంతో చేసే పని. అనుకోకుండా పడిన చూపుకూ, కావాలని మళ్లీ సారించిన చూపుకూ మధ్య దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గీసిన గీత మనకు తెలిసిందే. ఆ మాట వేరే సందర్భంలోనిదే అయినా, చూపులో కూడా మనిషి చేతకు లెక్క ఉంటుందన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

దారి ఎవరి సొత్తూ కాదు కాబట్టి దారిలో బాధ్యతలు ఉండవనుకోవడం కూడా పొరపాటే. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో, దారిపక్కన కూర్చోక తప్పదన్న సహచరులకు ఆయన (స) దారి హక్కులను వివరించారు. వాటిలో మొట్టమొదట చెప్పింది చూపు దించుకోవడం గురించి, ఆ వెంటనే ఇతరులకు బాధ కలిగించకపోవడం గురించి. అంటే బహిరంగ ప్రదేశంలోనే చూపుకు హద్దు ఎక్కువ అవసరమన్నమాట.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని మనం సాధారణంగా గమనించం. పరుల ఇంట్లోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్ 'నూర్' సూరాలో ఆదేశించింది. తలుపు సందులోంచి తొంగి చూసిన వ్యక్తిని మందలిస్తూ, అనుమతి అడగమన్నది ఈ కంటిచూపు కోసమేనని దైవప్రవక్త (స) విశదపరిచారు. హజ్రత్ సహల్ బిన్ సాద్ (రజి) ఈ సంఘటనను ఉల్లేఖించారు. సరే, తలుపే లేనివారి సంగతేమిటి? ధనవంతుని బిడ్డకు ప్రహరీ గోడ ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర కాపలా ఉంది. ఆ బిడ్డ స్నానం చేసేది, అలిగి ఏడ్చేది, అన్నం తినేది నాలుగు గోడల మధ్య. గుడిసెలోని బిడ్డ చేతిపంపు దగ్గర స్నానం చేస్తుంది, రోడ్డు వారనే తింటుంది, రోడ్డు మీదే ఏడుస్తుంది. రోడ్డే వాళ్ల వాకిలి. బహిరంగ ప్రదేశం కాబట్టి తీసుకోవచ్చనే నియమం పెట్టుకుంటే, అది గోడలున్నవారి పిల్లలను వదిలి గోడలు లేనివారి పిల్లలను మాత్రమే పట్టుకునే వల అవుతుంది. పేదరికం గోడను తీసేసిందే గాని గౌరవాన్ని తీసేయలేదు. తలుపు లేని చోట ఆ తలుపు మన కంటికే ఉండాలి.

అయితే అనుమతి ఎవరిని అడగాలి? మొదట బిడ్డనే. నవ్వులాటగా అనడం లేదు. ఇదే హజ్రత్ సహల్ (రజి) మరో సంఘటన కూడా ఉల్లేఖించారు. దైవప్రవక్త (స)కు పానీయం తెచ్చి ఇచ్చారు. కుడివైపున ఒక పిల్లవాడు, ఎడమవైపున పెద్దలు కూర్చుని ఉన్నారు. కుడివైపు వానికే ముందు హక్కు కాబట్టి, పెద్దలకు ఇవ్వడానికి ఆ పిల్లవాని అనుమతి అడిగారు. వాడు ఒప్పుకోలేదు. ఆయన (స) కోప్పడలేదు, బతిమాలలేదు, పాత్రను ఆ పిల్లవాని చేతిలో పెట్టారు. అంత గొప్ప సభలో ఒక చిన్నవాడి 'కాదు'కు విలువ దక్కింది. కెమెరా చూసి మొహం చేతులతో కప్పుకున్న పాపను 'ఒక్కసారి నవ్వమ్మా' అని వేధించేవారు ఈ సంఘటనను గుర్తుచేసుకోవాలి.

కాని బిడ్డ 'సరే' అన్నంత మాత్రాన సరిపోదు. తన ఫోటో ఎక్కడెక్కడికి పోతుందో వాడికి తెలియదు. అందుకే వలీ, అంటే సంరక్షకుడు, అవసరమయ్యాడు. ఇక్కడ మన హనఫీ ధర్మవేత్తలు చేసిన విభజన ఎంతో ఉపయోగపడుతుంది. తెలివి వచ్చిన బాలుడి వ్యవహారాలను వారు మూడు విధాలుగా చూశారు. పూర్తిగా మేలు చేసే పనికి, అంటే కానుక పుచ్చుకోవడం లాంటిదానికి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పూర్తిగా నష్టం కలిగించేదానికి, అంటే తన ఆస్తిని దానం చేసేయడం లాంటిదానికి, తండ్రి ఒప్పుకున్నా అది చెల్లదు. లాభనష్టాలు రెండింటికీ అవకాశమున్న క్రయవిక్రయాల లాంటివి సంరక్షకుని అనుమతి మీద ఆధారపడతాయి. ఫోటో విషయంలోనూ ఇదే కొలబద్ద పెట్టి చూడండి. తప్పిపోయిన బిడ్డ ఫోటోను వెతకడం కోసం పంచడం మొదటి రకం. పండుగనాడు పక్కింటి పిల్లల ఫోటో తీయడం మూడో రకం, వాళ్ల అమ్మానాన్నలను అడిగితే సరిపోతుంది. బిడ్డ అవమానాన్ని, ఆకలిని, నగ్నత్వాన్ని లోకానికి చూపే ఫోటో రెండో రకం. దానికి తండ్రి తలూపినా ఆ తలూపుడు చెల్లదని మా అభిప్రాయం. ఆ పరువు తండ్రి సొత్తు కాదు, బిడ్డ సొత్తు.

పైగా పేద తండ్రి తల ఎందుకు ఊపుతాడు? 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి వరద తర్వాత అంతటి నీరు జనం చూడలేదు. వేలాదిమంది ఇళ్లు వదిలి పునరావాస కేంద్రాలకు చేరారు. అలాంటి విపత్తులలో మతం చూడకుండా అన్నం పొట్లాలు, దుప్పట్లు, బియ్యం మోసుకెళ్లే యువకులను చూస్తే గుండె నిండుతుంది. అల్లాహ్ వారి శ్రమను స్వీకరించుగాక. కాని ఆ వెంటనే ఫోనులో కనబడే దృశ్యమేమిటి? ఒక దుప్పటిని నలుగురు పట్టుకుని ఉంటారు. మధ్యలో తడిసిన బట్టలతో ఒక పాప. నలుగురూ కెమెరా వైపు చూస్తుంటారు, పాప దుప్పటి వైపు చూస్తుంటుంది. ఆ క్షణంలో తల్లి 'ఫోటో వద్దు' అనగలదా? అంటే దుప్పటి చేయి దాటిపోతుందేమోనన్న భయం ఆమెది. కాదనే స్వేచ్ఛ లేని చోట ఇచ్చిన అనుమతి అనుమతే కాదు. దెప్పిపొడుపుతోనూ, బాధ కలిగించడంతోనూ మీ దానాలను వ్యర్థం చేసుకోకండని దివ్య ఖుర్ఆన్ 'బఖరా' సూరాలో హెచ్చరించిన భావం మనకు తెలుసు. నోటితో దెప్పితే ఆ మాట గాలిలో కలిసిపోతుంది. ఈ ఫోటో మాత్రం ఆ పాప పెళ్లీడుకు వచ్చాక కూడా ఎవరో ఒకరి ఫోనులో దెప్పుతూనే ఉంటుంది.

'దాతలకు లెక్క చూపాలి కదా' అంటారు. చూపాలి, అది న్యాయమైన మాటే. జకాత్ సొమ్ముకు లెక్క లేకపోతే అది ఇంకా పెద్ద ద్రోహం. కాని లెక్క అంటే ముఖమా? కొన్న బిల్లులు చూపండి, లారీలో ఎక్కించిన బస్తాలు చూపండి, పుచ్చుకున్నవారి సంతకాలు, వేలిముద్రలు ఉన్న రిజిస్టరును దాత అడిగితే తెరిచి చూపండి. మన పెద్దలు ఫోను లేకుండానే వందల ఏళ్లు మస్జిదులు, మదర్సాలు, ముసాఫిర్‌ఖానాలు నడిపారు, వారి లెక్కలు రిజిస్టర్లలోనే ఉండేవి. కన్నీళ్లున్న ఫోటో పెడితేనే చందాలు వస్తాయనేవారూ ఉన్నారు. రావచ్చు. అయితే అప్పుడు ఆ చందాను సంపాదించింది ఆ పాప ముఖం, దాని ధర మనం ఆ పాపకు చెల్లించలేదు.

చేయి దాటిన ఫోటో ఏ దారి పడుతుందో తీసినవానికి కూడా తెలియదు. కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక సంస్థ వీడియో తయారు చేయించింది. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, మళ్లీ తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమని చెప్పే దృశ్యం అది. చివరి భాగం కత్తిరించి, నిజమైన అపహరణగా మన దేశంలో దాన్ని తిప్పారు. సిరియాలో 2013లో విషవాయువుకు బలైన పసిపిల్లల ఫోటోను అవయవాల దొంగల పనిగా ప్రచారం చేశారు. ఆ పుకార్ల వేడిలో 2018లో తెలంగాణ పల్లెల్లోనూ అమాయకులు దెబ్బలకు బలయ్యారు. అదే ఏడాది జూలైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకరిని ముర్కి గ్రామం దగ్గర గుంపు కొట్టి చంపింది. కారులో వారు వెళ్లేలోపే వాట్సాప్‌లో అనుమానం ముందుకెళ్లి కాపు కాసింది. పరాయి పిల్లల దగ్గరకు ఫోను పట్టుకుని వెళ్లే మన యువకులు, తమ కోసమైనా, ముందు ఊరి పెద్దను, పిల్లల అమ్మను పలకరించడం మేలు.

మా సరిహద్దు అడవుల్లో ఇంకో ప్రమాదం ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైనప్పుడు రెండువైపుల హింసకు తట్టుకోలేక పారిపోయి వచ్చిన గొత్తికోయలు ఇక్కడ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. భూమికి పట్టా లేదు, గుడిసెకు భరోసా లేదు. అటవీ శాఖ వారి గుడిసెలను తొలగించిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ ఆడుకుంటున్న పాప ఫోటోలో పాప ఒక్కతే ఉండదు. వెనక వాగు ఉంటుంది, గుట్ట ఉంటుంది, ఫోను తనంతట తాను రాసుకున్న స్థలం వివరం కూడా ఉండవచ్చు. మనకు అది అందమైన అడవి. ఆ తల్లిదండ్రులకు అది దాచుకున్న చిరునామా.

చట్టం ఏమంటుందని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాం. బాల నేరారోపితుల, సంరక్షణ అవసరమైన పిల్లల, నేరానికి గురైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కోరుతుంది గాని, సొంత అవసరాలకు చేసేదానికి అది వర్తించదు. అంటే సంతలో తీసిన ఫోటోను చట్టం చాలావరకు మన మనస్సాక్షికే వదిలిపెట్టింది.

మరి అన్యాయాన్ని చూపే ఫోటో? వియత్నాంలో 1972లో మంటల్లో కాలుతూ నగ్నంగా పరుగెత్తిన బాలిక ఫోటో ప్రపంచాన్ని కదిలించింది. ఆ బాలిక కిమ్ ఫుక్ పెద్దయ్యాక, చిన్నతనంలో ఆ ఫోటోను ఎంతగా అసహ్యించుకున్నదీ చెప్పింది, తర్వాతి కాలంలో దానితో రాజీపడ్డాననీ చెప్పింది. ఆ ఫోటో తీసినవాడిగా పేరుపొందిన ఫోటోగ్రాఫరు కెమెరా పక్కన పెట్టి, ఆమెను బండిలో ఆసుపత్రికి చేర్చాడన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. ఇటుక బట్టీలో పనిచేస్తున్న పిల్లవాడు కనబడితే సాక్ష్యం కోసం ఫోటో తీయవలసి రావచ్చు. అది వెళ్లవలసింది 1098 నంబరు వారి దగ్గరకు, అధికారుల దగ్గరకు, మన స్టేటస్ మీదికి కాదు.

ఈద్‌గాహ్‌లో సఫ్‌లు సఫ్‌లుగా నిలబడ్డ జనం ఫోటోలో పిల్లలు కూడా పడతారు కదా అని కొందరు సందేహిస్తారు. ఫోటోను ధర్మసమ్మతమనేవారి దృష్టిలో, ఏ ఒక్క ముఖాన్నీ వెతికి పట్టుకోని సమూహ దృశ్యంలో దోషం కనబడదు. కాని ఆ గుంపులోంచి ఒక్క బిడ్డను దగ్గరకు లాగి తీస్తే లెక్క మారుతుంది. ఇప్పటికే తీసి గ్రూపులో పెట్టిన ఫోటోను తీసేయమని ఎవరి తల్లయినా, తండ్రయినా అడిగితే కారణం అడగకుండా తీసేయాలి, పంపినవారికందరికీ కబురు చేయాలి. గ్రూపు నడిపేవారు తమ చేతిలో ఉన్నది ఆ బాధ్యతేనని తెలుసుకుని, సహాయ కార్యక్రమానికి బయలుదేరే ముందే యువకులకు ఈ మాట చెప్పి పంపాలి.