గట్టు ఎవరు కట్టాలి?

మూడు వారాలు మా ఇంట్లో ఒకటే గొడవ. వంటగదిలో గట్టు పాడైంది. కడప బండ మధ్యలో బీటువారి, గోడలోకి చెమ్మ దిగి, తూము కాడ బొద్దింకలు కాపురం పెట్టినయి. దాన్ని కొట్టేసి కొత్తది కట్టాలి. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. ఎవరు కట్టాలి అన్నకాడ తేడా వచ్చింది. మేస్త్రీని పిలుద్దామని నేను. మనమే కట్టుకుందామని మా అమ్మ.

ఇదీ ఒక వ్యాసానికి వస్తువేనా అని నవ్వే మిత్రులుంటారు. నేనూ మొదట నవ్వాను. కానీ ఈ గొడవలో మా అమ్మ అడిగిన మాటలకు నేను చదివిన చదువులో జవాబు దొరకలేదు. అందుకే రాస్తున్నా.

మాది ఒంగోలుకు దగ్గర పల్లె. ఊరికి ఎడంగా మాలపల్లె. మా చిన్నప్పుడు వంటిల్లంటే వేరే గది కాదు. పూరింటి చూరు కింద మూడడుగుల అడ్డగోడ, దాని పక్కన పొయ్యి. అది మా అమ్మ కట్టిందే. చెరువు మట్టి తెచ్చి, ఊక కలిపి, కాళ్ళతో తొక్కి, రాత్రంతా నాననిచ్చి, తెల్లారి ముద్దలు ముద్దలుగా పేర్చేది. పొయ్యి నోరు జానతో కొలిచేది. నోరు పెద్దదైతే పుల్లలు ఊరికే కాలిపోతాయి, చిన్నదైతే పొగ కళ్ళల్లో కొడతది. ఈ లెక్క వాళ్ళమ్మ కాడ నేర్చుకుంది. ఒకసారి పొగలేని పొయ్యిలంటూ ఒకాయన పల్లెలోకి వచ్చి, అచ్చు పెట్టి ఇంటికో పొయ్యి వేసిపోయాడు. ఎవరింట్లో ఏ కుండ ఉందో ఆయన అడగలేదు. మా అమ్మ అన్నం కుండ ఆ కంతలో కూచోలేదు. ఆర్నెల్లు చూసి దాన్ని పగలగొట్టి మళ్ళీ తన పొయ్యి తనే వేసుకుంది.

మా నాయనది ఇంకో కథ. ఆయన ఇళ్ళు కట్టేకాడ రాళ్ళు మోసేవాడు. ఊళ్ళో ఒక ఆసామి డాబా కడుతుంటే వంటింటి గోడలకు నాయనే తట్టలందించాడు. గోడలు లేచిందాకా ఆ గదిలోనే నిలబడ్డాడు. ఆయన చెమట ఆ మట్టిలో కలిసింది. పాలు పొంగించిన రోజు నుంచి ఆ గది ఆయనకు లేదు. ఆసామి ఇంట్లో పెళ్ళైనా పబ్బమైనా మా వాళ్ళకు కూడు పెట్టేది పశువుల కొట్టం కాడే. "నాయనా, ఆళ్ళ వంటిల్లు లోపల ఎట్టా ఉంటది?" అని అడిగా నేనోసారి. "గోడలు నాకు తెలుసురా. పొయ్యి ఎలిగినాక ఎట్టా ఉంటదో తెలవదు" అన్నాడు.

నేను చదువుకున్నా. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. బ్యాంకు అప్పుతో ఒంగోల్లో ఇల్లు కొన్నా. మేస్త్రీని పిలుద్దామని నేనెందుకు పట్టుబట్టానో ఇప్పుడు దాచుకోకుండా చెప్తా. పని రాదన్నది సగం కారణమే. తరాల తరబడి ఒకరు చెప్తే చేసినోళ్ళం, ఇప్పుడు ఒకరికి చెప్పి చేయించుకునే దశకొచ్చాం, ఆ సుఖం నాక్కావాలి. ఇదీ మిగతా సగం.

ఆ వారం ఇంటికొచ్చిన ఒక మిత్రుడు మా అమ్మ పక్షం మాట్లాడాడు. ఉద్యమాల్లో పనిచేసినవాడు, పై కులంలో పుట్టినవాడు. ఎవరి పని వాళ్ళు చేసుకోవటంలోనే శ్రమకు గౌరవం ఉందన్నాడు. గాంధీ ఆశ్రమంలో ఎవరి మరుగుదొడ్లు వాళ్ళచేత బాగుచేయించిన సంగతి ఎత్తాడు. నాకు కోపం వచ్చింది. మానుకునే వీలున్నవాడు ఆ పని చేస్తే వ్రతం అంటారు. మానుకునే వీల్లేనివాడు చేస్తే వెట్టి అంటారు. పని ఒకటే, చీపురు ఒకటే. అంబేద్కర్ 1936లో అచ్చేసిన 'కులనిర్మూలన'లో ఈ ముడినే విప్పాడు. పనిని పంచుకోవటం వేరు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టటం వేరు అని ఆయన వాదం. అలా విడగొట్టినకాడ నిలబడి శ్రమ పవిత్రమని చెప్తే, కింద మెట్టు మీదున్నోడికి అది ఓదార్పు కాదు, తాళం. నా వాదన అయిపోయిందనుకున్నా.

మా అమ్మ గుమ్మంలో కూచుని అంతా విన్నది. "నీ మాటలు నాకు తెలవవు పెద్దోడా. నీ చేతులు చూసుకో. నున్నగా ఉండయి. మంచిదే, నేను కోరుకుందీ అదే. అయితే ఒకటి. పని మర్చిపోయినోడు పనోణ్ణి కూడా మర్చిపోతాడు. అదే నా భయం" అన్నది.

ఆ మాటకు రోషం వచ్చి, ఆదివారం నేనే సుత్తి, ఉలి తీసుకుని గట్టు మీద పడ్డా. బండ ముక్కలైంది. దాంతోపాటు గోడలో నీళ్ళ గొట్టమూ పగిలింది. వీధిలో ఉన్న కట్టు ఎక్కడో వెతికి కట్టేలోపల వంటగదిలో మడమ లోతు నీళ్ళు. అరచేతుల్లో బొబ్బలు. మా అమ్మ నవ్వలేదు. "ఇది నీకు రాని పని. రాని పని చేస్తే సరుకు దండగ. పిలువు మేస్త్రీని" అన్నది. తనే కట్టుకుందామన్న మనిషి అంత తేలిగ్గా మాట మార్చుకునేసరికి ఆశ్చర్యపోయా. తర్వాత అర్థమైంది. ఆమె పట్టు గట్టు మీద కాదు, నా మీద.

మేస్త్రీ వచ్చాడు. ఆయనతో అందింపుకు ఒకామె. ఇద్దరూ పక్క కాలనీ వాళ్ళే, మాదిగలు. మేస్త్రీ కూలి చెప్పాడు. నేను బేరమాడా. షాపులో చొక్కాకు బేరమాడను, అక్కడ రాసిన ధర ఇచ్చి వస్తా. మనిషి రెక్కల కాడికి వచ్చేసరికి నాకు బేరం గుర్తొచ్చింది. ఆడమనిషి కూలి మేస్త్రీ కూలిలో సగం కూడా లేదు. ఇసుక జల్లించేదీ, మాలు కలిపేదీ, గమేళా మోసేదీ, చివర్న గది కడిగేదీ ఆమే. అదేమని అడిగితే "అందింపు కూలి ఎప్పుడూ అంతే సార్" అన్నాడు. మేస్త్రీకి పనితనం ఉంది, ఎక్కువివ్వాల్సిందే. కానీ ఆమె పక్కన గమేళా మోసే మొగమనిషి ఉన్నా అతనికి ఆమె కంటే ఎక్కువే ఇస్తారు. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. ఆ సంవత్సరాన్ని బోర్డు మీద రాసి పరీక్షకు చదవమని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. మా ఇంటి గుమ్మం కాడ ఆ చట్టం నాకు గుర్తు రాలేదు.

అసలు దెబ్బ మధ్యాహ్నం తగిలింది. టీ పెట్టి ఇద్దరికీ కాగితం గ్లాసుల్లో పోసి బయట మెట్ల మీద పెట్టా. మా గ్లాసులు స్టీలువి, అలమరలో ఉన్నాయి. మా అమ్మ చూసింది. "కాయితం గళాసు ఎవరికిరా?" అన్నది.

"సిమెంటు చేతులమ్మా, మళ్ళీ కడగాలి..."

"ఆసామి కూడా ఇట్టాగే అనేవోడు. కొబ్బరిచిప్పైతే కడగనక్కర్లేదని."

నేను మాట్లాడలేదు. ఆమె ఆగలేదు. "నేనూ చేసినా ఈ పాపం. మాదిగపల్లోళ్ళు నీళ్ళడిగితే ముంత పైనుంచి ఒంచినా. ఆసామి నా దోసిట్లో ఒంచినట్టే. నాకు చదువు లేదు. నువ్వు చదువుకుని చేస్తన్నావు." టీ తీసుకొచ్చి స్టీలు గ్లాసుల్లో పోసి, వాళ్ళ పక్కన మెట్టు మీద కూచుంది.

మిత్రులారా, కాగితం గ్లాసు పెట్టినప్పుడు నా మనసులో కులం లేదని ప్రమాణం చేయగలను. నిజంగా కడగటం గురించే అనుకున్నా. అయితే ఆసామి కూడా కడగటం గురించే అనుకున్నాడేమో. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద కరపత్రాలు పంచినవాణ్ణి. 1994లో మా జిల్లాలోనే ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు హాస్టల్ గదుల్లో తెల్లవార్లూ వాటాల లెక్కలు వాదించినవాణ్ణి. మాల మాదిగల మధ్య కంచం పొత్తు సంగతి, మా ఇంటి ముంత సంగతి ఆ వాదనల్లో నేనొక్కసారీ ఎత్తలేదు. లెక్కలు తేలిగ్గా మాట్లాడొచ్చు. ముంత గురించి మాట్లాడాలంటే అమ్మ గురించి మాట్లాడాలి.

ఇక బండ. షాపులో కృత్రిమ క్వార్ట్జ్ బండ చూపించారు. తళతళలాడుతోంది. ఈ బండల్ని కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వస్తుంది. వంటగట్లు కోసే కుర్రాళ్ళకు ఆ జబ్బు వస్తున్నదని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 జూలై 1 నుంచి ఆ సరుకునే నిషేధించింది. అది వద్దని నల్ల గ్రానైటు తీసుకున్నా. మా చీమకుర్తిదే, నల్లటి రాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ రకం. దేశాలు దాటి ఎక్కడెక్కడి వంటిళ్ళకో పోయే రాయి. మా చిన్నాన్న ఆ క్వారీల్లోనే పనిచేశాడు. ఆయన ఇంట్లో గట్టు లేదు. దగ్గు ఉంది.

ఏ రాయైనా కోస్తే దుమ్మే. మేస్త్రీ కటింగ్ మిషన్ పట్టుకుని గదిలోనే పొడిగా కోయబోయాడు. "గుడ్డ కట్టుకోండి" అన్నా. "అలవాటే సార్" అన్నాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. నేనే కట్టుకుంటే ఆ దుమ్ము నా ఛాతీలోకి పోయేది. మేస్త్రీని పిలిస్తే ఆయన ఛాతీలోకి పోతుంది. నేనిచ్చే కూలిలో రెక్కల కష్టానికి లెక్క ఉంది, ఛాతీకి లెక్క లేదు. బండను వాకిట్లోకి మోయించి, మాస్కు తెప్పించి, ఆయన కోస్తుంటే బిళ్ళ మీద నేను గొట్టంతో నీళ్ళు పట్టా. తడిపితే దుమ్ము చాలావరకు అణుగుతుంది. నాకు చేతనైన పని ఆ పూట అది.

గట్టు ఎత్తు కాడ మేస్త్రీకీ మా అమ్మకూ వాదం. ముప్పై మూడంగుళాలు అందరూ వేయించేదే అని ఆయన. మా అమ్మ పొట్టి మనిషి. మోచెయ్యి మడిచి, దానికి జానెడు కిందకి వేలు పెట్టి, "ఇక్కడికి" అన్నది. ముప్పై అంగుళాలకు వచ్చింది. ఆయన కట్టాడు. ఆ పొగలేని పొయ్యి మనిషి అడగని ప్రశ్న ఈయనచేత అడిగించింది. తూము వైపు వాలు మేస్త్రీ పెట్టాడు. రసమట్టం పెట్టి చూపించి, ఎక్కడ చెంబుడు నీళ్ళు పోసినా ఎట్టా దిగుతాయో మా అమ్మకు వివరించాడు. ఇద్దరు పనివాళ్ళు మాట్లాడుకుంటుంటే ఎకనామిక్స్ మేష్టారు పక్కన నిలబడి విన్నాడు. గోడ పూతకు వారం రోజులు పొద్దున సాయంత్రం నీళ్ళు కొట్టింది నేనే. సున్నం వేసింది నేనూ నా భార్యా. గ్యాసు గొట్టం, కరెంటు తీగ మాత్రం తెలిసినవాళ్ళచేతే వేయించా. అక్కడ తప్పు జరిగితే ఇల్లంతటికీ ముప్పు.

కూలి మొదట అడిగినంతా ఇచ్చా. అందింపు ఆమెకు విడిగా, మొగకూలీకి ఇచ్చేంత ఇచ్చా. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. "మీరిట్టా ఇస్తే రేపు ఇంకోకాడ నన్నడుగుతారు సార్" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నా ఒక్క ఇంటి న్యాయం ఆయన బతుకులో చిక్కు తెచ్చింది. బజారు రేటు ఒక్కడి మంచితనంతో మారదు, కూలీలు కలిసి అడిగితేనే మారుతుంది. అందుకని నా వంతు నేను ఎగ్గొట్టొచ్చా? ఎగ్గొట్టకూడదనే అనుకుంటున్నా. "కూలి ఇచ్చేవోడు దొర కాదురా, కూలి కాడ నసిగేవోడు దొర" అని మా అమ్మ ఎప్పుడూ అనే మాట.

సొంతంగా చేసుకోవటమా, చేయించుకోవటమా అని మొదలైంది గొడవ. ఇప్పుడు నాకు అనిపిస్తున్నది ఇది. పని వచ్చినవాణ్ణి పిలవటం తప్పు కాదు. మనం పోగొట్టుకున్న ఆత్మగౌరవం సిమెంటు తట్ట మోస్తేనే తిరిగిరాదు, ఇంకొకరిచేత మోయిస్తే అసలే రాదు. పిలిచినవాడు వద్దనుకుంటే పోగలగాలి. ఆయన ఛాతీ, ఆయన పక్కన పనిచేసే ఆడమనిషి మన లెక్కలోకి రావాలి. పొయ్యి వెలిగినాక ఆయన ఆ గదిలోకి రాగలగాలి. మా నాయనకు తెలవకుండా పోయింది ఇదే.

పాలు పొంగించిన రోజు ఇద్దర్నీ పిలిచాం. మా అమ్మ చేపల పులుసు చేసింది. మేస్త్రీ లోపలికొచ్చి గట్టు మీద చెయ్యేసి, వాలు సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూసుకుని కూచున్నాడు. ఆమె మాత్రం వంటగది గుమ్మం కాడే ఆగింది. "లోపలికి రామ్మా" అన్నా. "ఇక్కడ బాగుందిలే సార్" అన్నది. రెండోసారి పిలిచినా అదే మాట. అది ఆమెకు నా మీదున్న అనుమానమో, పాత అలవాటో, ఊరికే గాలి బాగుండో నాకు తెలియదు. మొదటి రోజు కాగితం గ్లాసు ఆమె కూడా చూసింది కదా.

మా అమ్మ తన కంచం తీసుకుని పోయి గుమ్మంలో ఆమె పక్కన కూచుంది. నేను నా కంచం పట్టుకుని గట్టు కాడ కాసేపు నిలబడి, నేనూ పోయి గుమ్మం ఇవతల కింద కూచున్నా.