దాత

1989లో వెలువడిన మాజ్దా ఎం.ఎక్స్.-5 స్పోర్ట్సు కారు పాతబడి పైరేకు తుప్పుపట్టినప్పుడు, ఇంగ్లాండులో కొందరు దాని ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు విప్పి, ఉక్కుగొట్టముల చట్రములో అమర్చి తేలికైన కారును కట్టుదురు. బరువు తగ్గుటచేత ఆ పాత ఇంజనే మునుపటికంటె చురుకుగా లాగును. విప్పబడిన కారును వారు ‘దాత’ యందురు.

ప్రియ సహోదరులారా, ఈ మాట నన్ను గ్రుచ్చెను. పుంగనూరులో మోకాళ్లు పట్టుకొనిపోయిన సంఘపెద్ద నొకరిని, “ఇక విశ్రాంతి తీసికొనుడి అయ్యా” అని పరిచర్యనుండి తప్పించితిని. మదనపల్లె, కుప్పము తిరుగు బరువును తీసివేసిన చాలునుగదా! ప్రభువు అప్పగించిన మనిషినే తీసివేసితిని.

అయితే కారును ఎవరును అడుగరు; దానిని దాత యనుట మర్యాదకే. మనిషిని అడుగవలెను. నిన్న వారింటికి వెళ్లి, “యౌవనులకు బైబిలు నేర్పెదరా అయ్యా?” అంటిని. వారు బదులు పలుకక కళ్లజోడు వెదకుకొనిరి.