వరవిక్రయములో అసలు దోషి ఎవరు?

ధ్యాన భాగములు: 2 సమూయేలు 12:1–7, 1 తిమోతి 6:6–10, ఎఫెసీ 5:25–27



పద్యనాటకమును ఎరుగనివారు మన పల్లెలలో అరుదు. హార్మోనియము శ్రుతి వినబడగానే చాపలు చంకనబెట్టుకొని వెళ్లిన తరము ఇంకను మన మధ్య నున్నది. నాయకుడు రాగము తీసినప్పుడు జనులు వన్స్ మోర్ అని కేకలు వేయుదురు. దుష్టుడు రంగముమీదికి వచ్చినప్పుడు పండ్లు కొరుకుదురు. అయితే ఆ దుష్టుడు నిజముగా ఎవరు?

కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) మూడు దురాచారములపై మూడు నాటకములు వ్రాసిరి. వేశ్యాలోలతపై చింతామణి, త్రాగుడుపై మధుసేవ, కట్నముపై వరవిక్రయము. ఈ కడపటిదానిని 1939లో సి. పుల్లయ్యగారు చలనచిత్రముగా తీయగా, భానుమతిగారు అందులోని కాళింది పాత్రతోనే మొదటిసారి తెరమీదికి వచ్చిరి.

కథ మీరెరిగినదే. పురుషోత్తమరావు కట్నము తప్పని నమ్మినవాడు. అయినను ఇంటివారి పోరు పడలేక ఇచ్చుటకు ఒప్పుకొనును. సింగరాజు లింగరాజు పరమలోభి. తన యింటి వరునికి వెల కట్టి పుచ్చుకొనును. తన పెండ్లికొరకు తండ్రి పడు అగచాట్లు చూడలేక కాళింది ప్రాణము తీసికొనును. తరువాత ఆమె చెల్లెలు కమల, సొమ్మిచ్చి కొన్న వరుడు కొన్నవారి సొత్తే గదా యని వాదించి, న్యాయస్థానములో లింగరాజును సిగ్గుపరచును.

దోషి ఎవరని అడిగినయెడల అందరును లింగరాజునే చూపుదురు. మనము కొంచెము నిదానించి చూతము.

మొదటిది, పుచ్చుకొనువాడు దోషియే. ఇందులో సందేహము లేదు. బిడ్డ చనిపోయిన యింటివారి సొమ్మును గూడ విడువని చేయి అది.

రెండవది, తెలిసి యిచ్చినవాడు. పురుషోత్తమరావు మంచివాడు. కాని మేలైనది ఎరిగియు చేయనివానికి అది పాపమని యాకోబు తన పత్రికలో (4:17) హెచ్చరించుచున్నాడు. లింగరాజుకు బుద్ధి లేదు. పురుషోత్తమరావుకు బుద్ధియున్నది, ధైర్యము లేదు. దుష్టుని లోభమునకు మంచివాని పిరికితనము తోడైనప్పుడే కాళింది చనిపోయెను. మన దేశములో 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టము సహితము పుచ్చుకొనుటనే గాక ఇచ్చుటను గూడ నేరముగా ఎంచుచున్నది.

మూడవది, చూచువారు. నాతాను ప్రవక్త దావీదునకు ఒక కథ చెప్పెను. ధనవంతుడొకడు పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొనిపోయెనని వినగానే దావీదు కోపము మండెను. అప్పుడు నాతాను, ఆ ధనవంతుడు మరెవరో కాడు, సింహాసనముమీద కూర్చున్న రాజేయని వ్రేలు చూపెను. కథలోని దుష్టునిమీద కోపపడుట సులభము. ఆ వ్రేలు మనవైపు తిరిగినప్పుడు ఏమి చెప్పుదుము?

నల్గొండ, సూర్యాపేట వైపునుండి వచ్చు బస్సులు మన కుమారులను ఎల్.బి. నగర్ కూడలిలో దింపుచున్నవి. అక్కడికి సమీపమున దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇరుకు హాస్టలు గదులలో ఉండి, కోచింగ్ సెంటర్లలో వారు ఉద్యోగ పరీక్షలకు చదువుదురు. ఇక్కడ తల్లులు ఉపవాసముండి ప్రార్థింతురు. ఉద్యోగము వచ్చినప్పుడు కృతజ్ఞతకూడిక పెట్టుదురు. దేవుడే ఇచ్చెనని సాక్ష్యము చెప్పుదురు. మరుసటి నెలలో ఆ యుద్యోగమునకు ధర చెప్పుదురు! దేవునియొద్ద దానముగా పొందినదానిని తోటి విశ్వాసికి సరుకుగా అమ్ముట న్యాయమా?

అదే దిల్‌సుఖ్‌నగర్ బంగారు దుకాణములలో ఆడపిల్ల తండ్రి అప్పుసొమ్ము లెక్కపెట్టును. అదే ఎల్.బి. నగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములకు కట్నపు వ్యాజ్యములు వచ్చును. చదువు, బంగారము, వ్యాజ్యము — మూడును ఒకే దారిమీద నున్నవి. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశమందు 6,450 వరకట్న మరణములు నమోదైనవి. కాళింది ఒక్కతె కాదు.

మేమడుగలేదు, వారే ఇచ్చిరి అని కొందరందురు. కట్నము కాదు, కానుక అని మరి కొందరందురు. అడుగకుండ ఎదురుచూచుటయు అడుగుటయే. ఇయ్యకపోతే కోడలి ముఖము చూడరాదనుకొన్న యింట అది కానుక ఎట్లగును?

కాబట్టి అసలు దోషి లింగరాజు వేషము లోపల దాగియున్నది. దానినే పౌలు ధనాపేక్ష యని పిలిచి, కీడులకు వేరుగా చూపెను. నాటకము ముగియగానే లింగరాజు రంగు కడిగివేసికొనును. ధనాపేక్ష మాత్రము ప్రేక్షకునితో కలిసి ఇంటికి నడచి వచ్చును. దానిని కడుగగలది క్రీస్తు రక్తమొక్కటే.

లాబాను కుమార్తెలు తమ తండ్రి తమ్మును అమ్మివేసెనని దుఃఖపడిరి (ఆది. 31:15). మన ప్రభువో, పెండ్లికుమారుడైయుండియు వెల అడుగలేదు, వెల చెల్లించెను. సంఘమను పెండ్లికుమార్తె కొరకు తన్నుతానే అప్పగించుకొనెను. ఆ పెండ్లికుమారుని బల్లయొద్ద రొట్టె విరుచువారు తమ కుమారునికి వెల ఎట్లు కట్టుదురు?

కుమారులుగల తల్లిదండ్రులారా, సంబంధము మాటలాడు మొదటి దినముననే మాకేమియు వద్దని నోటితో చెప్పుడి. కుమార్తెలుగల తండ్రులారా, పొలము అమ్మి అల్లుని కొనకుడి; ఆ సొమ్ముతో బిడ్డను చదివించుడి. యౌవనులారా, తల్లిదండ్రుల చాటున దాగకుడి. వద్దనవలసినవారు మొదట మీరే. సంఘపెద్దలారా, పెండ్లి ప్రకటన చదువుటకు ముందు ఇరుపక్షములను కూర్చుండబెట్టి ఈ సంగతి అడుగుడి. కుమార్తెలారా, మీరు తండ్రికి భారము కారు. కాళింది దారి తొక్కకుడి. నలిగిన మనస్సుతో ఒంటరిగా ఉండక తల్లితోనైనను, పాస్టరుగారితోనైనను, నమ్మదగిన సహోదరితోనైనను చెప్పుకొనుడి. మీ ప్రాణమునకు సిలువమీద చెల్లింపబడిన వెల ఏ కట్నమునకును అందదు.

ప్రార్థన: ప్రభువా, ఇతరులలోని దోషిని చూచుటకు మాకున్న చూపును మా హృదయములవైపు త్రిప్పుము. మా యిండ్లలోనుండి ధనాపేక్షను వెళ్లగొట్టుము. మా కుమారులు అమ్మబడకుండను, మా కుమార్తెలు కన్నీరు విడువకుండను కాపాడుము. నీవే మా ఐశ్వర్యమై యుండుము. ఆమేన్.