నోరు తెరచినవాని మాట

శరీరములో ఏ భాగమునకు చికిత్స జరుగుచున్నను రోగి "అయ్యా, నొప్పి" అని చెప్పుకొనగలడు. దంతచికిత్సలో ఆ వీలు లేదు. అద్దమును, పనిముట్టును నోటిలో ఉన్నంతసేపు అతడు మూగవాడే. ఇంతగా పరాధీనుడైనవాని ఇష్టమును కనిపెట్టవలసిన వారెవరు? ధర్మవిచారమునకు ఇది అల్పవిషయము కాదు.

పండ్లపై గట్టిపడిన గారను తీసి, మెరుగుపెట్టి, నోటి పరిశుభ్రతను నేర్పువారిని 1948 నాటి దంతవైద్యుల చట్టము డెంటల్ హైజీనిస్టులుగా నిర్వచించెను. చట్టము పనిని చెప్పినదే గాని పనిచేయు తీరును చెప్పలేదు, చెప్పజాలదు కూడ.

నాగాయలంక నుండియో కోడూరు నుండియో బందరుకు వచ్చు వ్యవసాయకూలీని తలచుకొనుడు. ఊడ్పుల రోజులలో పూట పోయినచో కూలి పోయినట్లే. చిన్ననాడు వేపపుల్ల, కచ్చిక, ఆపైన చుట్ట. నోరు తెరచుటకే సిగ్గు. పైపన్ను తీయించిన చూపు మందగించునని ఒక భయము, గార తీయించిన పండ్లు కదలునని మరొక భయము. "ఏమయ్యా, ఇన్నాళ్లు ఏమి చేయుచుంటివి?" అని అట్టివానిని గద్దించుట కొందరికి పరిపాటి. గద్దింపు విన్నవాడు ఆనాడు ఊరకుండును, మరల రాడు. రోగి మేలుకొరకే గద్దించితిమందురు గాని, దానివలన తృప్తి కలిగినది గద్దించినవారికే.

పైపన్నునకు చూపునకు సంబంధము లేదు. రెండవ భయమునకు మాత్రము కొంత మూలము కలదు. గార పోయి, చిగుళ్ల వాపు తగ్గిన పిదప పండ్లసందులు నాలుకకు తగులును; చల్లని నీరు జివ్వుమనును. గార కప్పియుంచిన ఖాళీయే అది. ఈ మాట ముందు చెప్పిన బోధ, తరువాత చెప్పిన సాకు. అట్లే "చేయి ఎత్తండి, వెంటనే ఆపెదను" అని పని మొదలిడకమునుపే ఒడంబడవలెను. చేయి ఎత్తినను ఆపనివారు అసలు మాట ఈయకుండుటయే మేలు.

అట్లయిన రోగి కోరినదెల్ల చేయవలెనా? "మరల మరల రాలేను, అన్నియు పీకించివేయుడు" అనువాడును ఉండును. పన్ను తీయుట దంతవైద్యుని పని. అయినను నిలువదగిన పండ్లు ఏవో చూపి చెప్పక ఊరకుండుట మర్యాద కాదు, ఉపేక్ష. మధుమేహము కలవానికి చిగుళ్ల జబ్బు ముదురుననియు, చిగుళ్ల జబ్బు వలన చక్కెర అదుపు తప్పుననియు చెప్పి తీరవలెను. చెప్పిన పిదప నిర్ణయము అతనిది. నేడు ఒక వైపు శుభ్రపరచి, రెండవ వైపు ఊడ్పులు ముగిసిన తరువాత అతడు చెప్పిన దినమున చేయవచ్చును.

శరణుల కథలలో ఆయ్దక్కి మారయ్య నాటి అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు లక్కమ్మ వాటిని తిరిగి పంపించినది. గుడివాడలోనైనను బందరులోనైనను, గార తీయించుకొనుటకు వచ్చినవానికి అడుగని తెల్లదనమును అంటగట్టువారికి ఆ కథ కొంత ఇబ్బందికరమే.

పని ముగిసిన పిదప అద్దమును రోగి చేతికీయవలెను. చిగురు ఎచ్చట ఎఱ్ఱబడినదో అతడే చూచుకొనును. కుంచెను అచ్చట ఎట్లు త్రిప్పవలెనో అతని చేతనే త్రిప్పించి చూడవచ్చును.